ప్యాలెట్ మీద రంగు వెంటనే ఎండిపోతోందా? తడి ప్యాలెట్ చేసుకోండి

చిన్న బొమ్మలకు (మినియేచర్లకు) యాక్రిలిక్ రంగులు వేసే ఒకరు, ప్యాలెట్‌గా వాడే ప్లాస్టిక్ మూత మీద రంగు నిమిషాల్లో ఎండి, బొమ్మ ముఖం మీద పలుకులు తేలుతున్నాయని అడిగారు. లోపం రంగుది కాదండి. ఫ్యాను గాలికి యాక్రిలిక్ చుక్క పైన పొర కడుతుంది, దాని తునకలే కుంచెకి అంటుకుని వస్తున్నాయి.

తడి ప్యాలెట్ కోసం, గట్టి మూత ఉన్న లోతు తక్కువ డబ్బాలో కిచెన్ టిష్యూ నాలుగు మడతలు పరిచి, పూర్తిగా తడిపి, వంచితే కారే నీళ్లు పారబోయండి. పైన బేకింగ్ పార్చ్‌మెంట్ కాగితం పరవండి. బటర్ పేపర్ పేరుతో అమ్మేవాటిలో మైనం పూసినవీ ఉంటాయి, వాటిలోంచి తడి పైకి రాదు. అనుమానముంటే ఒక చుక్క రంగు వేసి అరగంట ఆగండి: తడిగానే ఉంటే కాగితం సరైనదే. కాగితం రెండు వైపులా తడిపి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ బుడగలు తీసేయండి. బుడగ ఉన్నచోట రంగు మామూలుగానే ఎండుతుంది. రంగు దానంతటదే పాకిపోతుంటే నీళ్లు ఎక్కువైనట్టు.

మెటాలిక్ రంగులు, వాష్‌లు (బొమ్మ గాడుల్లోకి దిగే బాగా పలచని రంగులు) మాత్రం దీని మీద వద్దు. వాష్ మరీ పలచబడుతుంది, మెటాలిక్ మెరుపు రేణువులు పక్క రంగుల్లోకి చేరతాయి. వీటికి పింగాణీ సాసర్ చాలు.

ఇక రంగులు. క్రాఫ్ట్ యాక్రిలిక్‌లో వర్ణకం ముతక. పలచన చేస్తే కప్పదు. అవి బేస్‌లకు (బొమ్మ నిలబడే దిమ్మెలకు) వాడేయండి. 28 ఎంఎం ఎత్తు బొమ్మకు వాలెహో మోడల్ కలర్ (చిన్న బొమ్మలకు వేసే యాక్రిలిక్ రంగుల బ్రాండ్) లాంటిది కొనండి, సెట్ అక్కర్లేదు, ఆరు సీసాలు చాలు. సీసా బాగా కుదిపి, సగానికి సగం నీళ్లతో మొదలుపెట్టి గోరు మీద గీసి చూడండి. కుంచె చారలు కనబడితే ఇంకో చుక్క నీళ్లు, గోరు అంచుల్లోకి కారితే ఇంకాస్త రంగు.