రిపోర్టు నెగెటివే... షూటింగుకు వెళ్ళవచ్చా?

ప్రశ్న: డాక్టర్‌గారూ! నా వయసు 29. నాలుగేళ్ళుగా పెద్దల చిత్రాల్లో నటిస్తున్నాను. మా దగ్గర 14 రోజులకోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోవాలి. నెగెటివ్ వస్తేనే సెట్‌లోకి రానిస్తారు. ఆరు రోజుల కిందట నాతో కలిసి నటించిన వ్యక్తికి గొంతులో గనేరియా ఉందని నిన్న తెలిసింది. ఆ సన్నివేశంలో కండోమ్ వాడలేదు. అంతకు రెండు రోజుల ముందు ఇచ్చిన నా రిపోర్టు నెగెటివ్. ఆయనదీ నెగెటివే. నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇంకో నాలుగు రోజుల్లో మరో షూటింగు ఉంది, నా రిపోర్టుకు అప్పటికింకా గడువు ఉంటుంది. వెళ్ళవచ్చా? ముందు జాగ్రత్తగా ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేసుకుంటే సరిపోతుందా? కొత్త డాక్టరు దగ్గర నా వృత్తి గురించి చెప్పాలంటే సంకోచంగా ఉంది. సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్ళకండి. మీ రిపోర్టుకు కాగితం మీద గడువు ఉండవచ్చు గానీ, నా లెక్కలో అది ఆ సన్నివేశం జరిగిన రోజునే చెల్లకుండా పోయింది. ఎనిమిది రోజుల కిందట మీరు ఎలా ఉన్నారో అది చెబుతుంది. ఆ తర్వాత రెండు రోజులకు జరిగినదాని గురించి దానికి ఏమీ తెలియదు.

ఇద్దరికీ నెగెటివ్ వచ్చినా ఇలా ఎందుకు జరిగిందన్నది మీరు అడగలేదు. కానీ మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది అదే. మీరు ఇస్తున్నది రక్తం, మూత్రం. మూత్రంలో వెతికితే మూత్రమార్గంలో ఉన్న క్రిమి దొరుకుతుంది. గొంతులోనో, మలద్వారంలోనో ఉన్నది అందులోకి ఎలా వస్తుంది? పెరటి గోడ దూకే దొంగ కోసం వీధి గుమ్మం దగ్గర కాపలా కాసినట్టుంటుంది ఈ పరీక్ష. లాస్ ఏంజెలిస్‌లో ఇదే వృత్తిలో ఉన్న 168 మందిని పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. 47 మందిలో గనేరియా గానీ, అలాంటిదే మరో సుఖవ్యాధి క్లమీడియా గానీ బయటపడింది. జననాంగాల నుంచి మాత్రమే శాంపిల్ తీసి ఉంటే ఆ 47 మందిలో 11 మంది ‘నెగెటివ్’ కాగితంతో సెట్‌కు వెళ్ళిపోయేవారు. క్రిమి ఎక్కువగా దొరికిన చోటు గొంతే. గొంతులో ఉన్నవారిలో దాదాపు అందరికీ కనీసం నొప్పి కూడా లేదు. కాబట్టి ‘నాకు ఏ ఇబ్బందీ లేదు’ అన్న మీ మాట నాకు పెద్దగా ధైర్యం ఇవ్వడం లేదు.

ఇకమీదట ఏ పరీక్షకు వెళ్ళినా గొంతు, మలద్వారం, యోని – మూడు చోట్ల నుంచీ స్వాబ్ తీయమని అడగండి. దూదిపుల్లతో మీరే తీసుకుని ఇవ్వవచ్చు, ఫలితం అంతే నమ్మకంగా ఉంటుంది. స్త్రీలలో మూత్రం కన్నా యోని స్వాబే మంచిది. మూత్రంలో కొన్ని కేసులు తప్పిపోతాయి.

ఇప్పుడు చేయవలసినది. రేపే ఒక క్లినిక్‌కు వెళ్ళి, ‘గనేరియా ఉన్న వ్యక్తితో ఆరు రోజుల కిందట కలిశాను’ అని మొదటి వాక్యంగా చెప్పండి. వాళ్ళు ముందు శాంపిళ్ళు తీసుకుంటారు. ఆరు రోజులకే తీసిన శాంపిల్‌లో క్రిమి దొరకకపోవచ్చు. అందుకే ఇలాంటి సందర్భాల్లో ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టడం వాడుక. అమెరికా వైద్య మార్గదర్శకాల ప్రకారం గనేరియాకు ఇప్పుడు మొదటి మందు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, ఒక్క మోతాదు. క్లమీడియా లేదని తేలకపోతే దానితోపాటు వారం రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. గర్భం ఉండే అవకాశం ఏ కాస్త ఉన్నా ముందే చెప్పండి, అప్పుడు మందు మారుతుంది. చికిత్స తీసుకున్నాక ఏడు రోజులు కెమెరా ముందైనా, ఇంట్లోనైనా కలయిక వద్దు. మీ గొంతులో ఉన్నట్టు తేలితే ఒకటి రెండు వారాల తర్వాత మళ్ళీ పరీక్షించి పోయిందో లేదో చూడాలి, ఎందుకంటే అక్కడి నుంచి అది అంత తేలిగ్గా వదలదు. మూడు నెలలకు మరోసారి పరీక్ష ఎలాగూ తప్పదు.

ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ సంగతి. దయచేసి వేసుకోవద్దు. గనేరియా క్రిమి ఒక్కొక్క మందునే అలవాటు చేసుకుంటూ వచ్చి, పాత మాత్రల్లో చాలావాటిని లెక్కచేయని స్థితికి చేరింది. అరకొర మందుతో అది చావదు, మీ పరీక్ష మాత్రం గందరగోళమవుతుంది. కలయిక జరిగిన 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ వేసుకునే పద్ధతి ఒకటి ఉందని మీ తోటివారు చెప్పి ఉండవచ్చు. అది నిజమే. కానీ అది బాగా పనిచేసినట్టు తేలింది పురుషులతో కలిసే పురుషులలో, ట్రాన్స్ స్త్రీలలో. సిఫిలిస్, క్లమీడియా బాగా తగ్గాయి, గనేరియా మీద ప్రభావం అంతంతమాత్రమే. కెన్యాలో స్త్రీల మీద చేసిన ప్రయోగంలో ప్రయోజనం కనిపించలేదు. మీ విషయంలో ఆ గడువు ఎలాగూ దాటిపోయింది.

ఇక హెచ్‌ఐవీ. ఆయనకు గనేరియా ఉందంటే మిగిలినవి కూడా చూడాలి. శరీరంలోకి చేరిన వెంటనే ఈ వైరస్ ఏ పరీక్షకూ దొరకదు. ఆ వ్యవధినే విండో పీరియడ్ అంటారు. నేరుగా వైరస్‌ను వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు 10 నుంచి 33 రోజులు, వైరస్ భాగాలనూ, దానిపై శరీరం తయారుచేసే యాంటీబాడీలనూ కలిపి వెతికే నాలుగో తరం ల్యాబ్ రక్తపరీక్షకు 18 నుంచి 45 రోజులు పట్టవచ్చు. 2004లో లాస్ ఏంజెలిస్‌లో ఒక నటుడు విదేశంలో షూటింగు చేసి వచ్చాడు. తిరిగి వచ్చాక చేసిన పరీక్షలో నెగెటివ్. మళ్ళీ పరీక్షించే లోపు ఆయనతో నటించిన 13 మంది స్త్రీలలో ముగ్గురికి వైరస్ సోకింది. అప్పట్లో పరీక్షల మధ్య నెల వ్యవధి ఉండేది. 2013లో దాన్ని 14 రోజులకు కుదించారు. అయినా 2014లో మరో నటుడు నెగెటివ్ రిపోర్టు చేతిలో ఉండగానే తోటి నటుడికీ, వృత్తితో సంబంధం లేని ఇంకొకరికీ వైరస్‌ను అంటించాడు. వ్యవధి తగ్గిస్తే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకని ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ ప్రెప్, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే మందు, తీసుకోవాలన్నది నా అభిప్రాయం. రోజుకో మాత్ర కావచ్చు, రెండు నెలలకో ఇంజెక్షన్ కావచ్చు. ఏడాదికి రెండుసార్లే తీసుకునే ఇంజెక్షన్‌కు కూడా 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రమాదం జరిగాక వాడే పెప్ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ గడువు దాటిపోయింది కాబట్టి మీకు ఇప్పుడు వాటితో పని లేదు గానీ, ఆ గంటల లెక్క మాత్రం గుర్తుంచుకోండి.

రిపోర్టు ఎవరి చేతి మీదుగా వస్తోందో కూడా చూడాలి. 2012లో లాస్ ఏంజెలిస్‌లోనే సిఫిలిస్ ఉన్న ఒక నటుడు తన రిపోర్టును దిద్ది చూపించాడు. పరిశ్రమ మొత్తం కొన్నాళ్ళు షూటింగులు ఆపుకోవలసి వచ్చింది. ఫోనులో చూపించే ఫోటోను నమ్మకండి. ల్యాబ్ నుంచి నేరుగా సమాచారం అందుకుని ‘పనికి అర్హులు’ లేదా ‘కాదు’ అని మాత్రమే చెప్పే పద్ధతి వచ్చింది. ఎవరి రోగం ఏమిటన్నది బయటపడదు, మోసానికీ అంత వీలుండదు. అది ఉన్న చోటే పనిచేయండి.

కండోమ్ గురించి మీ రంగంలో ఎన్ని వాదోపవాదాలు జరిగాయో నాకు తెలుసు. 2012లో లాస్ ఏంజెలిస్ కౌంటీ ఓటర్లు దాన్ని తప్పనిసరి చేశారు. 2016లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ వర్తించేలా తెచ్చిన ప్రతిపాదనను ఓటర్లే తిరస్కరించారు. నటీనటుల్లో చాలామంది దానికి వ్యతిరేకంగా నిలబడ్డారు. గంటల తరబడి షూటింగు సాగితే రాపిడికి లోపలి చర్మం గీరుకుపోతుందన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. ఆ బాధను నేను కొట్టిపారేయను. పుండైన చర్మం నుంచి క్రిములు తేలిగ్గా లోపలికి వెళ్తాయి కూడా. కానీ దానికి మందు కండోమ్‌ను వదిలేయడం కాదు. నీటి ఆధారిత లేదా సిలికోన్ లూబ్రికెంట్ ధారాళంగా వాడాలి, మధ్యలో కండోమ్ మార్చాలి, ‘ఇక చాలు’ అనే హక్కు మీకుండాలి. నూనె, వ్యాజిలీన్ లాంటివి కండోమ్‌లోని లేటెక్స్ రబ్బరును పాడుచేస్తాయి. మలద్వారం నుంచి యోనికి మారేటప్పుడు కొత్త కండోమ్ వాడకపోతే అసలు వాడనట్టే.

చిన్నవిగా కనిపించేవి కొన్ని. నోటితో చేసే సన్నివేశానికి కాస్త ముందు పళ్ళు గట్టిగా తోముకోవద్దు, చిగుళ్ళు చిట్లుతాయి. పుక్కిలిస్తే చాలు. షూటింగు రోజు ఉదయమే రేజరు పెట్టవద్దు. యోనిని లోపల కడగవద్దు, అక్కడి మేలు చేసే సూక్ష్మజీవులు కొట్టుకుపోతాయి. నెలసరి సమయంలో లోపల స్పాంజి పెట్టుకుంటే, తీశామో లేదో అదే రోజు చూసుకోవాలి. మరిచిపోయిన స్పాంజితో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వీర్యం కంట్లో పడితే శుభ్రమైన నీటితో వెంటనే కడగాలి. గనేరియా కంటికి కూడా సోకుతుంది, నిర్లక్ష్యం చేస్తే చూపు పోవచ్చు.

హెపటైటిస్–ఎ, బి టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌కు టీకాను 26 ఏళ్ళ వరకు అందరికీ సూచిస్తారు. మీ వయసులో డాక్టరుతో మాట్లాడి తీసుకోవచ్చు. మీరు తీసుకోవాలనే నేను అంటాను. ఆ క్యాన్సర్‌ను ముందే పట్టుకునే స్క్రీనింగ్ పరీక్ష మాత్రం టీకా వేసుకున్నా మానవద్దు.

సంకోచం గురించి. డాక్టరుకు సినిమా పేరు అక్కర్లేదు, నిర్మాత పేరూ అక్కర్లేదు. ‘వృత్తిరీత్యా నాకు చాలామంది భాగస్వాములు ఉంటారు. నోరు, యోని, మలద్వారం – మూడింటికీ పరీక్ష కావాలి’ అంటే సరిపోతుంది. ఇది విని మొహం చిట్లించే డాక్టరు దగ్గర కూర్చోవలసిన అవసరం మీకు లేదు, లేచి మరొకరి దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో భాగస్వామి ఉంటే ఆ మనిషికి కూడా పరీక్ష, చికిత్స చేయించాలి. ఈ ఆరు రోజుల్లో మీరు వేరెవరితోనైనా నటించి ఉంటే వాళ్ళకూ తెలియజేయండి.

నిర్మాతకు ఈ రోజే కబురు చేయండి: ‘నాకు ఇన్‌ఫెక్షన్ ఎక్స్‌పోజర్ జరిగింది, చికిత్స పూర్తయి ఏడు రోజులు గడిచి, కొత్త రిపోర్టు వచ్చే వరకు రాలేను’ అని. పరీక్షల ఖర్చు ఆయన పెట్టుకోవాలని కూడా అడగండి. ఇది మీ పనిలో వచ్చిన ప్రమాదం. హెచ్‌ఐవీకి నాలుగో తరం పరీక్ష ఆ సన్నివేశం నుంచి 45 రోజులకు, సిఫిలిస్‌కు ఆరు వారాలకు ఒకసారి, 90 రోజులకు మరోసారి చేయించండి. ఆ తేదీలను ఇప్పుడే క్యాలెండరులో రాసి పెట్టుకోండి.