కళ్లు మూసుకుంటే దడ పెరుగుతోందంటే, మొదలుపెట్టిన చోటే తప్పు

బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి పీజీకి చేరాక కూడా రెండు గంటలు గుండె దడ తగ్గట్లేదు, ధ్యానానికి కూర్చుంటే ఇంకా ఎక్కువవుతోంది, ఒంటితో చేసే థెరపీలు పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయండి. కాకపోతే ఒళ్లు హడలిపోయి ఉన్నప్పుడు కళ్లు మూస్తే పట్టించుకోవడానికి ఆ దడ ఒక్కటే మిగులుతుంది. కళ్లు తెరిచే మొదలుపెట్టండి.

కుర్చీకి వీపు ఆనించి, పాదాలు పూర్తిగా నేలకు తగిలేలా కూర్చోండి. మెడ మెల్లిగా తిప్పుతూ గది చూడండి: తలుపు గడియ, ఫ్యాన్ రెక్క మీది దుమ్ము, ఆరేసిన తువ్వాలు. ఒక్కోదాని మీద మూడు సెకన్లు. ఆవులింతో నిట్టూర్పో వస్తే ఆపుకోకండి.

తర్వాత ఊపిరి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డీప్ బ్రీత్ అనగానే ఛాతీ నిండా గుంజుతారు. వరసగా అలా గుంజితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్లకీ పెదాల చుట్టూ తిమ్మిరి, కళ్లు తిరగడం. అది చూసి మళ్లీ భయం. ముక్కుతో మామూలుగా 4 అంకెలు లెక్కపెట్టేదాకా పీల్చి, 6 లెక్కపెట్టేదాకా వదలండి. వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ అనే నరం పట్టు పెరిగి గుండె నెమ్మదిస్తుంది, పని చేసేది ఆ భాగమే. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి, చాలామందికి ఆ తేడా వేలికే తెలుస్తుంది. ఆయాసంగా ఉంటే 3 పీల్చి 4 వదిలేలా తగ్గించండి. ఐదు నిమిషాలు చాలు.

భుజాలు, దవడ బిగుసుకుపోయేవాళ్లకి కండరాలు బిగించి వదిలే ఎడ్మండ్ జేకబ్‌సన్ పద్ధతి మేలు. పిడికిలి, భుజాలు, తొడలు, పాదాలు ఒక్కోటీ 5 సెకన్లు బిగించి, 20 సెకన్లు వదిలేయాలి. సగం బలంతోనే, పిక్కల్ని గట్టిగా బిగిస్తే కండరం పట్టేస్తుంది. వదిలాక ఆ 20 సెకన్లూ ఆగకుండా తర్వాతి భాగానికి పరిగెడితే చేసిందంతా వృథా.

దడ వచ్చాకే కాదు, బాగున్నప్పుడూ రోజుకు రెండుసార్లు చేయాలి. ఈత నేర్చుకునేది వరదలో కాదు కదా. సాయంత్రం ఫిల్టర్ కాఫీ మానేయండి. ముందు ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చూపించుకోండి, దడకి అవీ కారణాలే. ఛాతీ నొప్పి గానీ స్పృహ తప్పడం గానీ ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

చేస్తుంటే పాత భయాలు పైకి తేలినా, ఒళ్లు మొద్దుబారినా ఆపేసి కళ్లు తెరవండి, ఒంటరిగా కొనసాగించొద్దు. సొమాటిక్, అంటే ఒంటితో చేసే థెరపీ, కోర్సు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. అంత దూరం ఇప్పుడే వద్దనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.