రెండో కంటి క్లెయిమ్ ఎందుకు తిరిగొచ్చింది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా కంటి ఆసుపత్రులకు మెడికల్ కోడింగ్ (చికిత్సలను బిల్లు కోడ్‌లుగా రాయడం) చేస్తున్నాను. ఒక మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) పేషెంటుకు కుడికంటి శుక్లం ఆపరేషన్ అయిన 3 వారాలకు అదే సర్జన్ ఎడమకంటికి చేశారు. 66984-ఎల్‌టీ (శుక్లం తీసి లెన్స్ పెట్టే ఆపరేషన్ కోడ్, ఎల్‌టీ అంటే ఎడమ), డయాగ్నసిస్ హెచ్25.13 అని పంపితే సీఓ-97తో (వేరే సేవకు ఇచ్చిన డబ్బులోనే ఇది కలిసి ఉందన్న కారణంతో) డినై అయింది. తప్పెక్కడ?

జవాబు: రెండుచోట్ల ఉంది. డినయల్‌కు కారణం మాత్రం 79 మాడిఫయర్ (కోడ్ వెనక చేర్చే వివరపు గుర్తు) లేకపోవడమే. 66984కి గ్లోబల్ పీరియడ్ (ఆపరేషన్ ఫీజులోనే ముందూ వెనకా సంరక్షణ కలిసి ఉండే గడువు) 90 రోజులంటారు గానీ, ముందురోజునూ ఆపరేషన్ రోజునూ కలిపితే 92. ఆ లోపు అదే సర్జన్ చేసిన ఆపరేషన్‌ను మొదటిదాంట్లో భాగమనుకుని ఆపేస్తారు. ఎల్‌టీ ఏ కన్నో చెబుతుందంతే. మొదటిదానితో దీనికి సంబంధం లేదని చెప్పేది 79. కాబట్టి 66984-79-ఎల్‌టీ అని, 79ని ముందు రాయండి. పూర్తి రేటు వస్తుంది, కొత్తగా 90 రోజులు మొదలవుతాయి.

కొందరు ఇక్కడ 78 పెడతారు. అది మొదటి ఆపరేషన్ తాలూకు సమస్యతో పేషెంటును మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లినప్పటిది. దానికి ఆపరేషన్ భాగం డబ్బే ఇస్తారు, ముందూ వెనకా చూసుకునే సంరక్షణకు ఇవ్వరు. డినయల్ అయితే కనీసం కంటికి కనిపిస్తుంది. 78తో తగ్గిన డబ్బును ఎవరూ పట్టించుకోరు. మా దృష్టిలో అదే పెద్ద నష్టం.

ఇక డయాగ్నసిస్. హెచ్25.13 అంటే రెండు కళ్లలోనూ న్యూక్లియర్ శుక్లం. మొదటి ఆపరేషన్‌కు అది సరైనదే. రెండోసారి వచ్చేటప్పటికి కుడికంట్లో శుక్లం లేదు, హెచ్25.12 ఇవ్వాలి.

సరిచేసి మళ్లీ కొత్త క్లెయిములా పంపకండి, డూప్లికేట్ అని సీఓ-18 వస్తుంది. మెడికేర్ పార్ట్ బిలో ఫ్రీక్వెన్సీ కోడ్ 7 (పాతదాని బదులు సరిచేసిన క్లెయిమ్ అని చెప్పే గుర్తు) చెల్లదు. మొదటి నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు రీఓపెనింగ్ (అదే క్లెయిమ్‌ను మళ్లీ తెరిచి సరిచేయడం) అడగాలి.

ప్రశ్న: శుక్లం తీస్తుండగా వెనక క్యాప్స్యూల్ (కంటి లెన్స్ ఉండే సంచి) చిరిగి యాంటీరియర్ విట్రెక్టమీ (ముందుకొచ్చిన కంటి జెల్‌ను తీసేయడం) చేశారు. 66982 (కాంప్లెక్స్ శుక్లం ఆపరేషన్ కోడ్) వేయొచ్చా?

జవాబు: వేయకూడదు. మధ్యలో వచ్చిన ఇబ్బంది ఆపరేషన్‌ను కాంప్లెక్స్ చేయదు. మామూలు శుక్లానికి వాడని పరికరమో పద్ధతో అవసరమైతేనే 66982: కంటిపాప విచ్చుకోక దాన్ని తెరిచి ఉంచే మాల్యుగిన్ రింగో ఐరిస్ హుక్సో పెట్టడం, జోన్యూల్స్ (లెన్స్‌ను పట్టి ఉంచే దారాలు) బలహీనమై క్యాప్స్యూలర్ టెన్షన్ రింగ్ వేయడం వంటివి. అదే కంటికి చేసిన విట్రెక్టమీ కూడా ఎన్‌సీసీఐ (ఏ కోడ్‌లను కలిపి బిల్లు చేయకూడదో చెప్పే మెడికేర్ నియమాలు) ప్రకారం శుక్లం కోడ్‌లోనే కలిసిపోతుంది. 59 (ఇది వేరే సేవ అని చెప్పే మాడిఫయర్) పెట్టి విడదీయకండి.

రింగ్ వాడినా ఆపరేటివ్ నోట్‌లో కారణం ఉండాలి. ‘ఫ్లోమాక్స్ వాడుతున్నారు’ (కంటిపాప సరిగా విచ్చుకోకుండా చేయగల ప్రోస్టేట్ మందు) అన్న ఒక్క మాట సరిపోదు, కంటిపాపను విప్పే మందు వేసినా అది చిన్నగానే ఉందని సర్జన్ రాయాలి. అది లేకపోతే క్లెయిమ్ వెళ్లకముందే సర్జన్‌కు క్వెరీ పంపండి.