రెపో తగ్గినా 2018 హోమ్ లోన్ ఈఎంఐ ఎందుకు కదల్లేదు?

2018లో బ్యాంకులో తీసుకున్న హోమ్ లోన్ అయితే, అది బహుశా ఇంకా ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తనే లెక్కగట్టే కనీస వడ్డీ రేటు) మీదే ఉంది. ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లను రెపో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు, లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలన్న ఆర్‌బీఐ నిబంధన 2019 అక్టోబర్ 1 నుంచి ఇచ్చిన కొత్త లోన్లకే. 2025లో రెపో 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. కానీ ఎంసీఎల్ఆర్‌ను బ్యాంకు కొత్తగా తీసుకునే డిపాజిట్లు, అప్పుల ఖర్చును బట్టి లెక్కిస్తుంది. డిపాజిట్ల వడ్డీని బ్యాంకులు రెపో అంత వేగంగా తగ్గించవు కదా, అందుకే అది మెల్లగా దిగుతుంది.

1. శాంక్షన్ లెటర్లో బెంచ్‌మార్క్ (మీ వడ్డీ ఏ రేటుకు ముడిపడి ఉందో), రీసెట్ తేదీ (మీ వడ్డీని మళ్లీ లెక్కించే రోజు) చూడండి.

2. ఎంసీఎల్ఆర్ అని ఉంటే, రెపో లింక్డ్ రేటుకు మార్చమని బ్రాంచిలో రాసివ్వండి. చాలామంది వదిలేసేది ఇదే. మీరు అడగనిదే లోన్ దానంతట అది మారదు. సంతకం పెట్టే ముందు ఫీజుతో పాటు స్ప్రెడ్ (రెపో మీద బ్యాంకు కలిపే అదనపు శాతం) ఎంతో కచ్చితంగా అడగండి. రెపో 5.25, స్ప్రెడ్ 2.75 అయితే మీ రేటు 8. స్ప్రెడ్ పెంచి వేస్తే మారి లాభం లేదు.

3. మారాక కూడా ఈఎంఐ అంతే ఉంటే టెన్షన్ వద్దు, గడువు తగ్గించి ఉంటారు. ఈఎంఐ తగ్గాలంటే ఆ మాట విడిగా చెప్పాలి.