మొదట ఏ ఆట పెట్టుకోవాలి: మేనకోడలికి ఉత్తరం

చి. శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. లాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఏ ఆటలు పెట్టుకోను అని అడిగావు. కార్డు లేదని దిగులు పడకు. మొదట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 పెట్టుకో, ఊరు కట్టి సైన్యం పెంచి శత్రువుని ఓడించే ఆట అది. ఆట 1999 నాటిదే అయినా, నువ్వు కొనాల్సింది 2019లో వచ్చిన దాని కొత్త రూపం, డెఫినిటివ్ ఎడిషన్. సేల్ వచ్చేదాకా ఆగి కొను, ధర బాగా తగ్గుతుంది.

ఈ ఆటలో కొత్తవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది, విలేజర్లని అంటే పనివాళ్లని తయారుచేసే ప్రధాన భవనం టౌన్ సెంటర్‌ని ఖాళీగా కూర్చోబెట్టడం వల్లే. ఒక విలేజర్ తయారవడానికి 25 సెకన్లు, 50 ఆహారం. మొదట చేతిలో 200 ఆహారం ఉంటుంది, అంటే నలుగురికి సరిపడా. 100 సెకన్లలో అది అయిపోతుంది, ఆలోపు మాంసం రావడం మొదలవ్వాలి. అందుకే ఆట మొదలవగానే కీబోర్డులో హెచ్ నొక్కి టౌన్ సెంటర్‌ని ఎంచుకుని, క్యూ నాలుగుసార్లు నొక్కి నలుగురు విలేజర్లని తయారీకి పెట్టు. ఉన్న ముగ్గురు విలేజర్లలో ఇద్దరిని ఒక ఇంటి మీద, మూడో మనిషిని ఇంకో ఇంటి మీద పెట్టు. ఇల్లు కట్టకపోతే పని ఆగిపోతుంది. టౌన్ సెంటర్‌లో ఐదుగురికే చోటు, చుట్టూ తిరిగి దారి చూసే గుర్రపు స్కౌట్‌తో కలిపి మొదలే నలుగురు ఉంటారు.

మొదటి ఆరుగురు గొర్రెల మీద ఉండాలి. గొర్రెని టౌన్ సెంటర్ గోడకి ఆనించి కోయించు, నడక తగ్గుతుంది. ఒకసారికి ఒక్కటే. రెండు మూడు కోసి పడేస్తే తినేలోపు కుళ్లి ఆహారం తగ్గిపోతుంది. తర్వాతి ముగ్గురు నలుగురిని కలపకి పంపు, అడవికి ఆనుకుని కలప చేర్చే లంబర్ క్యాంప్ కట్టించు.

ఇక అడవిపంది. దాంట్లో 340 ఆహారం ఉంటుంది, గొర్రెలో వందే. భయపడి దాన్ని వదిలేసేవాళ్లు వెనకబడిపోతారు. ఒక విలేజర్‌ని పంపి బాణం వేయించు, తగలగానే టౌన్ సెంటర్ వైపు పరుగెత్తించు. పంది వెంటబడుతుంది. ఆ మనిషిని టౌన్ సెంటర్ లోపలికి దూర్చి, గొర్రెల దగ్గరున్న అందరినీ పంది మీదకి మళ్లించు. తప్పు జరిగేది ఎక్కడంటే, బాణం తగిలిందో లేదో చూడకుండా వెనక్కి తిప్పడం, లేదా రెండో బాణం కోసం మరీ ఆలస్యం చేయడం. విలేజర్ ప్రాణం 25 పాయింట్లే. 50 బంగారంతో లూమ్ అనే అప్‌గ్రేడ్ చేయిస్తే 40 అవుతుంది. చెయ్యి తిరిగేదాకా పంది దగ్గరికి వెళ్లేముందే లూమ్ చేయించుకో. ఆ 25 సెకన్ల నష్టం, విలేజర్ చచ్చిపోయే నష్టం కంటే తక్కువ.

ఆటలో రెండో దశ అయిన ఫ్యూడల్ ఏజ్‌కి వెళ్లడానికి 500 ఆహారం కావాలి. బాగా ఆడేవాళ్లు ఇరవై పైచిలుకు విలేజర్లతోనే ఆ బటన్ నొక్కేస్తారు, నీకు మొదట్లో 28 అయినా పర్వాలేదు. ఫ్యూడల్‌కి చేరగానే మొదట గొడ్డలి పదును పెంచే డబుల్ బిట్ యాక్స్ చేయించు. ఒక్కో పొలానికి 60 కలప పడుతుంది, కలప చాలక పొలాలు వేయలేకపోతే సైన్యమూ ఉండదు.

2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంలో ద్రవిడియన్స్ అనే జాతి ఉంది, రాజేంద్ర చోళుడి కథ కూడా ఉంది. మనవాళ్లని చూసి మనసు లాగుతుంది, తెలుసు. కానీ వాళ్లకి నైట్స్ అనే బలమైన గుర్రపు సైనికులు లేరు, కొత్తవాళ్లకి అది ఇబ్బంది. ముందు ఫ్రాంక్స్ అనే జాతితో ఆడు, పొలాల అప్‌గ్రేడ్లు వాళ్లకి ఉచితం.

రెండోది స్టార్‌డ్యూ వ్యాలీ. తుపాకుల గోల లేని సేద్యం ఆట, ఏ లాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది. నెలకి 28 రోజులు, ఆ నెలే ఒక రుతువు. రుతువు మారిన రోజు పాత పంట చాలావరకు ఎండిపోతుంది, కాబట్టి విత్తనం కొనేముందు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టు. వసంతం 13న ఎగ్ ఫెస్టివల్‌లో స్ట్రాబెరీ విత్తనాలు ఆటలోని డబ్బుతో వందకొకటి అమ్ముతారు. పండుగ అయ్యి ఇంటికి చేరేసరికి రాత్రి పది. పడుకోకుండా ఆ రాత్రే నాటి నీళ్లు పోస్తే 21న ఒక కోత, 25న ఇంకోటి. మర్నాటికి వాయిదా వేసినా 22, 26 దక్కుతాయి, కానీ ఒక్కరోజు నీళ్లు మరిచిపోతే లెక్క ఒక రోజు జరుగుతుంది. రెండో కోత పోయిందంటే విత్తనం ఖర్చుపోను దాదాపు ఏమీ మిగలదు.

తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్ 2 ఉచితమే, కానీ నీ లాప్‌టాప్ మీద నత్తనడక నడుస్తుంది. ఎక్కడైనా మంచి మెషిన్ దొరికితే కూర్చో. నడుస్తూ కాల్చకు, ఆగి కాల్చు. బాంబు తీసే వైపు ఉంటే ఆటలోని డబ్బు 400 పెట్టి, బాంబు తీసే కిట్ కొను. అది లేకపోతే బాంబు తీయడానికి పది సెకన్లు, ఉంటే ఐదు.

వంతులవారీగా (టర్న్‌లలో) ఒక నాగరికతని పెంచే సివిలైజేషన్ 5 గొప్ప ఆటే. పరీక్షలయ్యేదాకా ముట్టుకోకు, ఇంకొక్క టర్న్ అనుకుంటూనే తెల్లారిపోతుంది. అందులో గాంధీ అణుబాంబులు వేస్తాడు, అది కావాలని పెట్టిందే. సివిలైజేషన్ మొదటి ఆటలో పొరపాటున జరిగిందని చెప్పుకునే కథ మాత్రం నిజం కాదని తయారుచేసిన సిడ్ మేయరే చెప్పాడు. మ్యాప్ నిండా గుర్తులు చల్లిన ఓపెన్ వరల్డ్ ఆటల జోలికి ఇప్పుడు పోకు, నా లెక్కలో అవి సరదా కంటే డ్యూటీలా ఉంటాయి.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ప్రతి ఆట రికార్డింగ్ దానంతటదే సేవ్ అవుతుంది. ఓడిపోయిన ఆటది పంపు, గెలిచింది వద్దు. మొదటి పది నిమిషాలు చూసి టౌన్ సెంటర్ ఎన్నిసార్లు ఖాళీగా ఉందో రాసి పంపిస్తాను.

మావయ్య