అమ్మానాన్నలతో స్పితి వెళ్లాలంటే షిమ్లా దారి పట్టండి, ఖాళీ రోజులు ఉంచుకోండి

మీ ప్రశ్న చదివాను. విజయవాడ నుంచి సొంత కారులో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లి అక్కడి పల్లెలూ బౌద్ధ ఆరామాలూ చూడాలి, అరవై దాటిన అమ్మానాన్నలు వెంట ఉంటారు, మనాలి మీదుగా వెళ్తే వారంలో అయిపోతుందని ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగారు. వారంలో అవదండి. పెద్దవాళ్లతో అయితే మనాలి వైపు నుంచి అసలు ఎక్కొద్దు. మాది గుంటూరు, బ్రాడీపేట. నేనూ అన్నయ్యా కలిసి అమ్మను తీసుకుని సెప్టెంబరు చివర్లో వెళ్లొచ్చాం. అమ్మ అప్పటికే బీపీ మాత్రలు వాడుతోంది. మీరు పడుతున్న టెన్షన్ మేమూ పడ్డాం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు కారు సంగతి. విజయవాడ నుంచి ఢిల్లీకే 1,700 కిలోమీటర్లకు పైగా ఉంది. కొండ మొదలవకముందే మీరూ అలిసిపోతారు, వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్ల నడుమూ పట్టేస్తుంది. ఢిల్లీ దాకా రైల్లో వెళ్లి, చండీగఢ్‌లోనో షిమ్లాలోనో ఆ కొండల్లో పుట్టి పెరిగిన డ్రైవరుతో బండి మాట్లాడుకోండి. మాకు దొరికినాయన కిన్నౌర్ మనిషి, షిమ్లా నుంచి స్పితికి వెళ్లే దారిలో ఉండే జిల్లా అది. నాకో ఊరు దాటాక మలింగ్ నాలా అని ఒక చోటుంది, పైనుంచి రాళ్లు దొర్లుతూ ఉంటాయి. ఎండెక్కితే మంచు కరిగి వాగులో నీళ్లు పెరుగుతాయి, రాళ్లు కదులుతాయి, అందుకని ఆయన పొద్దున్నే బయల్దేరదీసి ఎండ ముదరకముందే దాటించేవాడు. ఎదురుగా లారీ వస్తే ఎవరు వెనక్కి తగ్గాలో, ఏ మలుపు ముందు హారన్ కొట్టాలో ఆయనకు వేరే ఆలోచనే అక్కర్లేదు. మైదానంలో మనం ఎంత బాగా నడిపినా అది వేరే విద్య.

ఇక దారి. మనాలి ఉన్నది దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో. అక్కడ పొద్దున బయల్దేరితే అదే రోజు 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ ఎక్కి దిగి, రాత్రికి స్పితిలోని పెద్ద ఊరు కాజాలో 3,600 మీటర్ల పైన పడుకోవాలి. పైన ఆక్సిజన్ తక్కువ అంటారు గానీ, గాలిలో దాని వంతు అక్కడా ఇక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి, దాంతో ఒక్కో ఊపిరికి అందేది తగ్గిపోతుంది. 4,500 మీటర్ల దగ్గర మనకు ఇక్కడ అందే దానిలో దాదాపు అరవై శాతమే అందుతుంది. దానికి ఒంటికి అలవాటు కావడానికి రోజులు పడుతుంది, ఇందులో వయసులో ఉన్నవాళ్లకూ మినహాయింపు లేదు. మన విజయవాడ, గుంటూరు సముద్ర మట్టానికి ఇరవై ముప్పై మీటర్ల ఎత్తులో ఉన్న ఊళ్లు, అది గుర్తుంచుకోండి.

షిమ్లా దారిలో ఈ ఎక్కుడు మెల్లగా సాగుతుంది. సరాహన్‌లో భీమాకాళి గుడి దగ్గర ఒక రాత్రి, కల్పాలో రెండు రాత్రులు ఉండండి. కల్పా దాదాపు 2,900 మీటర్లు, ఎదురుగా కిన్నర్ కైలాస్ కనిపిస్తుంది, పెద్దవాళ్లకు ఆ ఊరు చాలా నచ్చుతుంది. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య పడుకునే చోటు ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెబుతారు. చాలామంది కల్పా నుంచి వచ్చి నాకోలో ఆగుతారు. అది 3,600 మీటర్ల పైనే, అక్కడ రాత్రికి ఆగకండి. కల్పాలో పొద్దున్నే బయల్దేరి, నాకోలో చెరువు మాత్రం చూసి, ఎండ ముదరకముందే మలింగ్ నాలా దాటి తాబో చేరిపోండి. తాబో 3,280 మీటర్లే, నిద్ర బాగా పడుతుంది. కాజా ఆ తర్వాతే. లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ ఊళ్లన్నీ 4,400 మీటర్లు, ఆ పైన. వాటిని పగలు చూసి కాజాకు దిగిపోవాలి. ఆ ఊళ్లలో నక్షత్రాలు బాగుంటాయని రాత్రి ఉండమనేవాళ్లు ఉంటారు, అమ్మానాన్నలతో ఉన్నప్పుడు ఆ మాట వినకండి.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రల గురించి మీ డాక్టరును తప్పకుండా అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకు అవి కుదరకపోవచ్చు. తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం కనిపిస్తే ఆ రోజు ఇంక పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. నడిస్తే తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా క్షణం ఆలస్యం చేయకుండా దించాలి.

మా అమ్మకు కోమిక్‌లో తల పట్టేసింది. ఊరి బోర్డు మీద 4,587 మీటర్లని రాసి ఉంటుంది, దాని పక్కన ఫొటో దిగి నాలుగడుగులు వేసిందో లేదో కూర్చుండిపోయింది. వెంటనే కాజాకు దించాం, రాత్రి కూడా ఏమీ తినలేదు, పొద్దున్నే ఇంకా కిందికి, తాబోకు తీసుకొచ్చేశాం. పిన్ లోయ, చంద్రతాల్ సరస్సు రెండూ వదిలేశాం. ప్లానులో ముందే ఖాళీ రోజులు పెట్టుకున్నాం కాబట్టి ఎవరికీ కంగారు లేదు. అమ్మ మధ్యాహ్నానికి లేచి చారు అన్నం అడిగింది.

నిజానికి ఈ ప్రయాణంలో అమ్మ ఇప్పటికీ చెప్పేది ఆ తాబో రోజుల గురించే. మేము దిగిన ఇంటావిడ వరండాలో ఆపిల్స్ ఏరి పెట్టెల్లో సర్దుతోంది. అమ్మ వెళ్లి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఈవిడకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. దెబ్బ తగిలిన కాయ కనబడితే బొటనవేలితో నొక్కి చూసి ఆవిడ పక్క బుట్టలో వేసేది, కాసేపటికి అమ్మ కూడా అలాగే నొక్కి చూసి వేయడం మొదలెట్టింది. సాయంత్రందాకా ఇద్దరూ లేవలేదు.

తాబో ఆరామం కట్టింది 996లో. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యాన్ని ఏలిన యేషే-ఓ కాలంలో, బౌద్ధ గ్రంథాలను టిబెటన్‌లోకి అనువదించిన రించెన్ జాంగ్పో పేరుతో ముడిపడిన కట్టడం. బయట నుంచి మన పల్లెల్లో పాత మట్టి మిద్దెలు ఉన్నట్టే ఉంటుంది, ఇంతేనా అనిపిస్తుంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్తే ముందు ఏమీ కనిపించదు. కదలకుండా నిలబడండి. కాసేపటికి గోడల మీద, మన తలలకు పైన, సున్నపు మన్నుతో చేసిన దేవతా మూర్తులు ఒక్కొక్కటే తేలతాయి, చుట్టూ నాలుగు వైపులా ముప్పైకి పైగా ఉన్నాయి, దాదాపు మనిషంత. కింద గోడంతా బొమ్మలే. ఫొటోలు తీయనివ్వరు, అది ఒకందుకు మంచిదే. వెంట టార్చి ఉంచుకోండి, నేల మంచులా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు మందపాటి మేజోళ్లు తొడగండి.

పొద్దున ప్రార్థనలో కూర్చోనిస్తారు, గోడ వారగా కూర్చుంటే చాలు. అది అయ్యాక ఒక పెద్ద లామా టీ ఇచ్చి ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగారు. ఆంధ్ర అంటే తల ఊపారు, గుంటూరు అంటే తెలియలేదు, అమరావతి దగ్గర అనగానే ముఖం విప్పారింది. 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర అనే టిబెట్ బౌద్ధ దీక్షోత్సవం జరిపినప్పుడు ఈయన వచ్చారట. జనవరిలో కూడా మాకు ఉక్కపోసింది అని నవ్వారు. అంతకు పదేళ్ల ముందు, 1996లో, ఆరామానికి వెయ్యేళ్లు నిండిన సందర్భంలో అదే కాలచక్ర తాబోలో జరిగింది. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. ధాన్యకటకమంటే మన ధరణికోటే కదా. కార్తీకంలో అమరేశ్వరుడి గుడికి వెళ్లి, స్తూపం గేటు ముందు నుంచే తిరిగొచ్చేసే మా అమ్మకు ఇవన్నీ చెబుతుంటే వింటూ ఉండిపోయింది. మరో గోంపాలో, అంటే ఆరామంలో, పటం మీద, తల వెనక పాములు పడగ విప్పిన ఆచార్యుణ్ణి చూపించి నాగార్జునుడని చెప్పారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే నాగార్జునకొండ అంది అమ్మ.

అందుకే నా సలహా, మీ నాన్నగారికి ఆరామాలు చూడాలనే కోరిక ఉందన్నారు కాబట్టి, బయల్దేరే ముందు ఒక ఆదివారం అమరావతి స్తూపం, మ్యూజియం చూపించండి. అక్కడి పలకల్లో చాలా వరకు లండన్‌కూ చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికీ వెళ్లిపోయినా, మిగిలినవి చూసినా చాలు. వీలైతే సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ కూడా. ఆ తర్వాత స్పితిలో లామాలతో ఆయనే మాట కలుపుతారు, మీరు హిందీలో చెబితే సరిపోతుంది.

కీ గోంపా 4,166 మీటర్లు, కాజా నుంచి ఒక పూట పని. ధన్‌కర్ కొండ కొనమీద ఉంది, కింద స్పితి, పిన్ నదులు కలిసే చోటు కనిపిస్తుంది, మెట్ల దగ్గర నాన్నగారి చెయ్యి పట్టుకోండి. హిక్కిమ్ పోస్టాఫీసు నుంచి ఇంటికి ఒక కార్డు రాయండి. గ్యూ అనే ఊళ్లో ఉంచిన పాతకాలపు లామా మమ్మీ చూడాలా వద్దా అంటే సమయముంటే చూడండి, నాకైతే అంత అవసరమనిపించలేదు.

తిండికి భయపడక్కర్లేదు. 4,000 మీటర్ల దగ్గర నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం సరిగా ఉడకదు, అందుకే ప్రతి ఇంట్లో కుక్కర్ ఉంటుంది. పప్పు, అన్నం, బంగాళాదుంప కూర దొరుకుతాయి, తుక్పా అనే నూడుల్స్ సూపు పెద్దవాళ్లకు బాగా పడుతుంది. కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకెళ్లండి. పల్లెల్లో చాలా ఇళ్లలో మరుగుదొడ్డి నీళ్లు లేనిది, మట్టీ బూడిదా పోస్తారు, అదే తర్వాత పొలానికి ఎరువు. మోకాళ్ల నొప్పులుంటే ముందే ఫోన్ చేసి వెస్ట్రన్ కమోడ్ ఉన్న గది అడగండి. మనకు పర్మిట్ అవసరం లేదు, అది విదేశీయులకే. రికాంగ్ పియో దగ్గర ట్యాంకు నింపేస్తే మళ్లీ బంకు కాజాలోనే. నగదు కింద ఊళ్లలోనే తీసి ఉంచుకోండి.

జులై, ఆగస్టు వద్దు. స్పితిలో వాన తక్కువే గానీ కిన్నౌర్ దారిలో కొండచరియలు పడతాయి. సెప్టెంబరు బాగుంటుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తిరుగు టికెట్ మాత్రం మీరు అనుకున్న తేదీ కంటే రెండు మూడు రోజులు ఆలస్యంగా ఉండేలా తీసుకోండి. దారి మూసుకుపోతే రాంపూర్‌లోనో కల్పాలోనో కూర్చోవాల్సి వస్తుంది, అప్పుడు రైలు పోతుందేమోనన్న దిగులు పెద్దవాళ్లకు ఉండకూడదు. నాన్నగారు వాడే మాత్రల పేర్లు డాక్టరుకు చూపించాక ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉండాలో చెబుతాను.