ఫోన్ వయసు 43, పిల్లాడి వయసు 12

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గాజువాక దగ్గర. మా ఆయన ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ చేస్తారు. మాకు ఒక్కడే బాబు, ఏడో తరగతి, 12 ఏళ్ళు. హోంవర్క్ అంతా వాట్సాప్‌లోనే వస్తోందని, మా ఆయన కొత్త ఫోన్ కొన్నాక పాతది వాడికిచ్చాం. పోయిన నెల ఆ ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే హిస్టరీలో చూడకూడని వీడియోల పేర్లు కనిపించాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా ఆయనకి చెప్పాను. ఆయన బెల్టు తీసుకుని కొట్టారు, వీపు మీద వాతలు తేలాయి. మూడు వారాలైంది. వాడు మాతో కూర్చుని తినడం మానేశాడు, కంచం పట్టుకుని వెనక గదిలోకి పోతున్నాడు. స్కూల్ వ్యాన్‌లో తొమ్మిదో తరగతి అన్నయ్య చూపించాడని, తర్వాత క్రికెట్ గ్రూపులో ఎవరో లింకు పెట్టారని ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ నోరు విప్పలేదు. మా అత్తగారు తప్పంతా నాదే అంటున్నారు. మా మరిది మాత్రం, “గవర్నమెంటు ఇవన్నీ ఒక్క దెబ్బతో మూసేస్తే పోయేదానికి పిల్లాణ్ణి కొట్టుకోవడం ఏంటి?” అంటున్నాడు. నిజంగా ప్రభుత్వం ఎందుకు మూసేయదు మేడమ్? మా వాడు చెడిపోయినట్టేనా? హిస్టరీలో ఉన్నవన్నీ తేదీలు, టైములతో సహా రాసి పంపుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: చూడండమ్మా, ముందు మీకు నిద్ర పట్టాలి. అందుకని మీ రెండో ప్రశ్నకే మొదట జవాబు చెబుతాను. మీ వాడు చెడిపోలేదు. ఒంట్లో మార్పులు మొదలయ్యే వయసు, వ్యాన్‌లో పక్కన కూర్చున్న పెద్దవాడు ఫోన్ తెచ్చి ముఖం ముందు పెట్టాడు, చూశాడు. భయమేసి ఉంటుంది, అసహ్యమేసి ఉంటుంది, మళ్ళీ చూడాలనీ అనిపించి ఉంటుంది. ఈ మూడూ ఒకేసారి కలుగుతాయి పిల్లలకి. నా దగ్గరికి వచ్చే ఆ వయసు మగపిల్లల్లో చాలామంది, కాస్త చనువు ఏర్పడ్డాక, ఇదే కథ చెబుతారు. ఊళ్ళు వేరు, వ్యాన్‌లు వేరు, అంతే.

నాకు ఎక్కువ బాధ కలిగించింది కంచం సంగతి. బెల్టు దెబ్బలతో వాడికి వీడియోల గురించి ఏమీ తెలియలేదు. అమ్మకి తెలిస్తే నాన్నకి చేరుతుంది, నాన్నకి చేరితే వీపు పగులుతుంది, ఇదొక్కటే తెలిసింది. రేపు ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు ఆన్‌లైన్‌లో ఆడపిల్లలా మాట్లాడి, మీ వాడి ఫోటో అడిగి తీసుకుని, డబ్బులు పంపకపోతే అందరికీ పెడతానని బెదిరించాడనుకోండి. వాడు ఎవరికి చెబుతాడు? ఇంట్లో తెలిస్తే చంపేస్తారని వణికిపోతూ, అమ్మ పర్సులోంచి తీసి మరీ డబ్బులు కట్టిన పిల్లల్ని చూశాను నేను. వాళ్ళలో ఒక్కడు కూడా చెడ్డపిల్లాడు కాడు.

ఇక మీ మరిది మాటకి వద్దాం. ప్రభుత్వం మూయలేదని ఆయన అనుకుంటున్నాడు. మూసింది. 2015లో కేంద్ర టెలికాం శాఖ ఒకేసారి 857 సైట్లు ఆపమని నెట్ కంపెనీలకి ఆదేశమిచ్చింది. పెద్దవాళ్ళు తమ ఇంట్లో ఏం చూస్తే మీకెందుకని గొడవ లేచేసరికి, కొద్ది రోజుల్లోనే మెత్తబడి, పసిపిల్లల్ని పెట్టి తీసినవి ఉన్న సైట్లు మాత్రం ఆపండి చాలు అంది. 2018లో డెహ్రాడూన్ దగ్గర ఒక స్కూల్లో విద్యార్థులే ఒక అమ్మాయి మీద అఘాయిత్యం చేశారు. ఫోన్‌లో ఇలాంటివి చూసి చేశామన్నారు. ఆ సందర్భంలో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆ పాత ఆదేశాన్ని అమలు చేయమని గట్టిగా చెప్పడంతో ఈసారి 827 సైట్లు మూశారు. పేరున్న సైట్లు చాలా నెట్‌వర్క్‌లలో నేరుగా తెరుచుకోకపోవడానికి కారణం అదే. అయితే మూసిన వారం తిరక్కుండానే కొన్ని సైట్లు అడ్రసులో ఓ ముక్క మార్చుకుని మళ్ళీ వచ్చేశాయి. ఇంతకీ మీ వాడు ఏ సైటుకీ వెతుక్కుంటూ వెళ్ళలేదు కదా? క్రికెట్ గ్రూపులోకి లింకు దానంతటదే వచ్చింది. 827 తలుపులు మూసినా వాట్సాప్ కిటికీ తెరిచే ఉంది.

బ్రిటన్ వాళ్ళు వేరే దారి పట్టారు. సైటు మూయరు, గుమ్మంలో వయసు అడుగుతారు. 2023లో చేసిన చట్టం కింద 2025 జూలై 25 నుంచి అలాంటి సైట్లన్నీ చూసేవాళ్ళకి 18 ఏళ్ళు నిండాయని గట్టిగా రుజువు చేసుకోవాలి. “మీకు 18 నిండాయా?” అంటే “ఆ” అని నొక్కేస్తే కుదరదు. గుర్తింపు కార్డో, క్రెడిట్ కార్డో, కెమెరా ముందు ముఖమో చూపించాలి. మాట వినని కంపెనీకి 1.8 కోట్ల పౌండ్లు లేదా ప్రపంచం మొత్తం మీద వచ్చే ఆదాయంలో 10 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయొచ్చు. అమలైన రోజుల్లోనే అక్కడ వీపీఎన్ యాప్‌లు తెగ డౌన్‌లోడ్ అయ్యాయి. అంటే నేను ఇంగ్లండులో లేను, ఇంకో దేశంలో ఉన్నానని ఫోన్ చేత అబద్ధం చెప్పించే యాప్‌లన్నమాట. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఇలాంటి చట్టమే చేస్తే, 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు చెల్లుతుందని తీర్పిచ్చింది.

నన్నడిగితే ఆ గుమ్మం ఉండాల్సిందే. వీపీఎన్ వేసుకుని మరీ దూరేవాడు ఎలాగూ దూరతాడు. కానీ ఏదో వెతుకుతూ పొరపాటున తగిలే పదేళ్ళ పిల్ల ఆగిపోతుంది. వ్యాన్‌లో ఆ తొమ్మిదో తరగతి అన్నయ్యకీ మహా అయితే పద్నాలుగేళ్ళు. వాడి చేతికి అంత సులువుగా అందకపోతే మీ వాడి ముఖం ముందుకీ వచ్చేది కాదు. పిల్లల కోసం అడ్డు పెట్టడానికి పెద్దవాళ్ళ స్వేచ్ఛ పేరు చెప్పి కంపెనీలు తప్పించుకోవడం నాకు నచ్చదు. అలాగని మన ఆధార్ నంబరు తీసుకెళ్ళి అలాంటి సైటువాడి చేతిలో పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను. రేపు ఆ జాబితా బయటపడితే ఎన్ని కాపురాలు కూలతాయో! వయసు మాత్రమే తెలిసి, మనిషి ఎవరో తెలియని ఏర్పాటు ఉండాలి. అది చేయించడం ప్రభుత్వం పని. మీ మరిది ఎమ్మెల్యేకో ఎంపీకో ఉత్తరం రాస్తానంటే రాయమనండి, నేనూ సంతకం పెడతాను.

కానీ ఆ గుమ్మం రేపు మన దేశంలో వచ్చినా మీ ఇంట్లో పనిచేయదు. ఎందుకో చెబుతాను. సందు చివర బడ్డీ ఉంటుంది. 18 ఏళ్ళలోపు వారికి సిగరెట్లు అమ్మరాదని బోర్డు ఉంటుంది. పిల్లాడు వెళ్ళి “మా నాన్నకి” అంటాడు, బడ్డీవాడు తీసి ఇస్తాడు. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే. పాత ఫోన్ వాడికిచ్చారు గానీ అందులో ఉన్న గూగుల్ ఖాతా మీ వారిదే, మార్చలేదు. ఆ ఖాతా వయసు, మీరు రాసినదాన్ని బట్టి, 43. ఖాతా చూసి వయసు లెక్కేసే ఏ సైటు అడిగినా, ఏ యాప్ అడిగినా ఆ ఫోన్ “నేను నాన్నని” అంటుంది. చట్టాలు రాసేవాళ్ళు ఒక మనిషికి ఒక ఫోన్ అనుకుని రాస్తారు. మన ఇళ్ళలో ఫోన్‌కి సొంతదారు ఎవరు? పొద్దున నాన్నది, సాయంత్రం పిల్లాడిది, రాత్రి సీరియల్ చూసే నానమ్మది.

ఖాతా ఒకటే అయితే ఇంకో సంగతి కూడా ఉంటుంది. ఇది ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీ ఊరూ పేరూ తెలిసే గుర్తులన్నీ మార్చాను కాబట్టి రాస్తున్నాను. రెండు ఫోన్లలో ఒకే ఖాతా ఉంటే ఒకదాంట్లో చూసినది రెండోదాని హిస్టరీలోకి కూడా వచ్చి చేరొచ్చు. క్యాలెండర్ వెనక వైపు మీరు రాసి పంపిన జాబితాలో 17 ఉన్నాయి. వాటిలో ఆరు, స్కూలున్న రోజుల్లో పొద్దున పదకొండు ప్రాంతంలోవి. మీ వాడి స్కూలు ఎనిమిదిన్నరకి, ఫోన్ ఇంట్లోనే ఉంటుందని మీరే రాశారు. ఆ ఆరింటి పక్కన పెన్నుతో చిన్న చుక్కలు పెట్టారు. ఎందుకు పెట్టారో ఉత్తరంలో ఎక్కడా లేదు. అవన్నీ మీ వారికి బి షిఫ్ట్, అంటే మధ్యాహ్నం నుంచి డ్యూటీ, పడిన వారాలేనా అని నేను అడగను. మీకు తెలుసు.

దాని మీద ఇంట్లో పంచాయితీ పెట్టమని చెప్పడం లేదు. పెద్దమనిషి ఒంటరిగా ఏం చూశాడన్నది వేరే విషయం, మీ ఇద్దరి మధ్య తేల్చుకోవాల్సింది, నన్ను అడిగితే అప్పుడు మాట్లాడదాం. కానీ పదిహేడింటికీ కలిపి ఒక్క వీపు మీదే వాతలు పడ్డాయి. ఆ సంగతి మీ వారికి కూడా తెలిసే ఉంటుంది. ఒక్కోసారి అంత కోపం అందుకే వస్తుంది. ఈ జవాబు ఆయన చదివితే చదవనివ్వండి.

ఇప్పుడు చేయాల్సింది. మీ వాడితో మాట్లాడేది మీరు కాదు, వాళ్ళ నాన్న. కొట్టింది ఆయనే కాబట్టి. ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని “రా, మాట్లాడాలి” అంటే వాడు నేల చూపులు చూస్తాడు, ఆయనకి మాట రాదు. సెలవు రోజు పొద్దున్నే బండి మీద వెనక కూర్చోబెట్టుకుని అప్పికొండ బీచ్‌కి తీసుకెళ్ళమనండి. బండి మీద ఇద్దరూ రోడ్డు వైపే చూస్తారు, ముఖాలు కనపడవు. మగపిల్లలు వీపు వెనకనుంచి బాగా మాట్లాడతారు, ఇది నా అనుభవం. ఏం మాట్లాడాలో తెలియదంటే ఇది చెప్పండి: “నాన్నా, నేను కొట్టడం తప్పు. ఆ వయసులో నాక్కూడా తెలుసుకోవాలని ఉండేది. నువ్వు చూసినవి డబ్బుల కోసం నటించినవి, నిజం మనుషులు అలా ఉండరు, ఎదుటివాళ్ళకి ఇష్టం లేకుండా ఏదీ ఉండదు. ఇంకెప్పుడైనా అలాంటిది కనపడితే, ఎవరైనా పంపితే నాకు చెప్పు. కొట్టను.” అంతే, నాలుగు మాటలు. ఉపన్యాసం వద్దు. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడైనా ఆగి ఇడ్లీ తినిపించమనండి. స్కూలు పుస్తకంలో కౌమార దశ పాఠం ఉంటుంది, చాలాచోట్ల “ఇంటి దగ్గర చదువుకోండి” అని పేజీ తిప్పేస్తారు. ఆ పాఠం మీరు వాడితో కలిసి చదవండి. సిగ్గుపడితే ఇద్దరూ పడండి, ఏం పర్లేదు.

ఫోన్ లాక్కోకండి, హోంవర్క్ పేరుతో పక్కింటి పిల్లాడి ఫోన్ పట్టుకుంటాడు. మీ వారి ఖాతా అందులోంచి పూర్తిగా తీసేసి, వాడి పేరు మీద పిల్లల ఖాతా తెరిచి, ఫ్యామిలీ లింక్ అనే గూగుల్ యాప్‌తో మీ ఫోన్‌కి కలపండి. వాడు ఏ కొత్త యాప్ వేసుకోవాలన్నా ముందు మీ ఫోన్‌కి కబురొస్తుంది, మీరు సరే అంటేనే పడుతుంది. ఇందాక చెప్పిన వీపీఎన్‌కీ ఇదే రూలు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్లన్నీ, మీ ఇద్దరివీ కలిపి, హాల్లో ఛార్జింగ్‌కి. వాడి ఒక్కడిదే పెట్టిస్తే అది శిక్ష అవుతుంది. మీరు కూడా పెట్టాలి, సీరియల్ మధ్యలో ఉన్నా సరే.

క్రికెట్ గ్రూపు గురించి ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పండి. పెద్దవాళ్ళ వీడియో ఒక పిల్లాడి కంటబడటం వేరు. తమ తోటి పిల్లల ఫోటోలు, వీడియోలు, నిజమైనవైనా యాప్‌తో మార్ఫింగ్ చేసినవైనా, గ్రూపులో తిప్పడం వేరు. 18 ఏళ్ళలోపు వాళ్ళవి వెతకడం, దాచుకోవడం, పంపడం ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. సరదాకి ఫార్వర్డ్ చేశానంటే కుదరదు. దగ్గర ఉంచుకోవడం కూడా తేలిగ్గా తీసుకునేది కాదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అలాంటిది గ్రూపులోకి వస్తే ఎవరికీ పంపకుండా మీ దగ్గరికి తేవాలి. మీరు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు పెట్టొచ్చు. ఎవరైనా బెదిరించి డబ్బులు గుంజితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ నంబర్లు ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి, మీ వాడి కంట పడేలా. అడగడానికి సిగ్గుపడే పిల్లలు కూడా ఫ్రిజ్ రోజుకి పదిసార్లు తెరుస్తారు.

ఒక నెల చూడండి. రాత్రుళ్ళు మేలుకుని ఉంటున్నా, ఎంత వద్దనుకున్నా ఆపుకోలేకపోతున్నా, తనకన్నా చిన్నపిల్లలతో తేడాగా ప్రవర్తిస్తున్నా, అప్పుడు డాక్టరు దగ్గరికి. చినవాల్తేరు అనగానే మన ఊళ్ళో నవ్వుతారు గానీ, అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్ళడానికి నామోషీ పడక్కర్లేదు. వెళ్ళలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మీ నిద్ర కోసం మీరూ చేయొచ్చు.

మీ అత్తగారికి జవాబు చెప్పే ఓపిక మీకు లేదని అర్థమైంది, చెప్పకండి. సీరియల్ ఏ ఫోన్‌లో చూస్తున్నారో ఒకసారి అడగండి చాలు.

మీరు పంపిన క్యాలెండర్ కాగితం చించేశాను. దాని నకలు మీ దగ్గర ఉంటే అదీ చించేయండి. వాడి కొత్త ఖాతాలో పుట్టినరోజు మాత్రం ఉన్నదున్నట్టు వేయండి. యాప్‌లు రావడం లేదని వాడు గోల పెడతాడు, పోనీలే అని సంవత్సరం వెనక్కి జరపకండి.